కొత్త బాయిలర్ కూత

పోయినవారం మనం గ్లెనిస్ ప్రోబర్ట్‌ను వంటింటి కిటికీ దగ్గర, చేతిలో ఫోనుతో వదిలేశాం. కార్డిఫ్‌లో ఎవరో కొత్త గ్యాస్ మనిషికి ఫోన్ చెయ్యబోతుంటే వెనక సందులో వ్యాను ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. అది మరిది ఎమ్లిన్ వ్యాను.

కథ మధ్యలో వచ్చినవాళ్లకు కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. వేల్స్ లోయల్లోని అబర్‌డేర్‌లో ప్రోబర్ట్ అన్నదమ్ములంటే తెలియని ఇల్లు లేదు. కొండవాలు వీధుల్లో సగం ఇళ్లకు గ్యాసు పైపులు వేసిందీ, బాయిలర్లు బిగించిందీ వాళ్లే. హేడెన్ పెద్దవాడు, ఎమ్లిన్ చిన్నవాడు. పోయిన వసంతంలో హేడెన్ ఎవరింట్లోనో అటకమీద పనిచేస్తూ గుండె ఆగి పోయాడు. ఇంటినీ నీళ్లనూ వేడిచేసే పాత బాయిలర్‌ను బతికున్నన్నాళ్లూ ఆయనే బుజ్జగించి, బతిమాలి నడిపాడు, ఆయన పోయాక అది ఇంకెవరి మాటా వినలేదు. చలి మొదలవగానే ఎమ్లిన్ దాన్ని పీకేసి కొత్తది పెట్టాడు.

పెట్టిన మర్నాటినుంచే అది కూయడం మొదలుపెట్టింది. ఇల్లు చల్లగా ఉన్నప్పుడు వేడినీళ్ల కుళాయి తిప్పితే చాలు, ముందు గొంతు సవరించుకున్నట్టు గురగుర, ఆపైన ఈనలేక బాధపడే ఆవు మూలుగులాంటి కూత, దాంతోపాటు గోడల్లో పైపుల దడదడ. ఇల్లు వేడెక్కాక సద్దుమణిగేది. అందుకే మధ్యాహ్నంపూట టీ తాగిపోవడానికి వచ్చినవాళ్లెవరికీ అది వినపడలేదు. పక్కిల్లు ఖాళీ. ఎమ్లిన్ పిలిచినప్పుడల్లా వచ్చాడు, మూత విప్పాడు, మళ్లీ బిగించాడు, "ఏం లేదు వదినా, పిల్లిలా గుర్రుమంటోంది అంతే" అన్నాడు.

జీవితమంతా గ్యాసు పనిలో గడిపిన మగవాడి మాట ఒకవైపు, మొగుడు పోయిన ఆడదాని మాట ఒకవైపు. ఊరు ఎటు మొగ్గిందో వేరే చెప్పక్కర్లేదు. కూతురు షాన్ కార్డిఫ్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఒకసారి మతిమరుపు డాక్టరుకి కూడా చూపించుకుందాం, తప్పేముంది" అంది. పొద్దున లేవగానే తలనొప్పి, కడుపులో తిప్పుడు అని చెబితే ఊళ్లో డాక్టరు దుఃఖంలో అలాగే ఉంటుందన్నాడు. చివరికి గ్లెనిస్ తన చెవుల్ని తనే అనుమానించుకునే దాకా వచ్చింది. చచ్చిపోయిన మొగుడు గోడల్లోంచి మూలుగుతున్నాడేమోనని ఒక పొద్దున ఆమెకే అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఈ శనివారం మటుకు ఆమె గట్టిగా ఒక నిర్ణయానికొచ్చింది. పొద్దుటినుంచీ బాయిలర్ ఆపేసి, ఇల్లంతా ఐసుగడ్డలా చల్లబడనిచ్చి, ఒంటిమీద కోటుతోనే కూర్చుంది. వచ్చేవాడెవడైనా సరే, వాడి ముందే అది కూయాలి.

ఎమ్లిన్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. గడపలో బూట్లు రెండుసార్లు దులిపాడు. భుజాలమీద వాన తడి మెరుస్తోంది. పొడుగాటి మనిషి, ఈ మధ్య కొద్దిగా వంగాడు.

"మైర్ చెప్పింది," అన్నాడు. మైర్ అతని భార్య. "కార్డిఫ్ నుంచి ఎవర్నో పిలిపిస్తున్నావట."

"ఇంకా పిలవలేదు. పిలవబోతున్నా."

"ఏంటీ?"

"పిలవబోతున్నా అన్నాను."

అతను టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "మన వీధిలోకి పరాయివాడి వ్యాను వస్తే జనం ఏమనుకుంటారు వదినా? ప్రోబర్ట్‌లింట్లో పనికి ప్రోబర్ట్ పనికిరాలేదా అనరూ? అన్న పోయి ఏడాదన్నా తిరగలేదు."

"ప్రోబర్ట్ ముసలిదానికి పిచ్చెక్కిందని ఇప్పటికే అనుకుంటున్నారు. ఇంకో మాట ఎక్కువైతే నాకు బరువా?"

ఆ మాటకు అతను ముఖం తిప్పుకున్నాడు. గ్లెనిస్ కెటిల్‌లో నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టింది. అలిగి వచ్చినా, అప్పుకు వచ్చినా, పోట్లాటకు వచ్చినా ఆ ఊళ్లో ముందు కెటిల్ ఎక్కించాలి. ఆమె చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి.

"ఇల్లేంటి ఇంత చల్లగా ఉంది?"

"కావాలనే ఆపేశా. ఇవాళ నువ్వు వినే పోతావు."

బాయిలర్ వంటింటి వెనక చిన్న గదిలో, బట్టలుతికే మిషన్ పైన గోడకుంది. ఆ గదిలోంచి పెరట్లోకి ఒక తలుపుంది కానీ చౌకట్టు ఎప్పుడో వంకరపోయి చుట్టూ సందులే. ఎమ్లిన్ దాని ముందు నిలబడి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. గ్లెనిస్ బాయిలర్ స్విచ్చి వేసి, తొట్టి దగ్గరికి వెళ్లి వేడినీళ్ల కుళాయి పూర్తిగా తిప్పింది.

ముందు గురగుర వచ్చింది. తర్వాత కూత. ఇవాళ ఇన్నాళ్లకంటే ఎక్కువగా, సన్నగా మొదలై లావుగా మారి, అలమరలో కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమనేంతగా కూసింది. గ్లెనిస్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తనకు పిచ్చి లేదు. ఇదిగో సాక్షి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పు," అంది.

ఎమ్లిన్ బాయిలర్ వైపు చూడలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. కళ్లలోకి కూడా కాదు, పెదాలకేసి. తర్వాత గోడమీది యంత్రం వైపు తల వంచి, వింటున్నట్టు ఒక్క క్షణం ఉన్నాడు.

"కొంచెం గుర్రుమంటోంది," అన్నాడు. "కొత్త సామాను కదా. సర్దుకుంటుంది."

గ్లెనిస్ కుళాయి కట్టేసింది. కట్టేశాక కూడా ఆమె చెవుల్లో ఆ కూత మోగుతూనే ఉంది. పదిహేడేళ్ల కుర్రాడిగా ఉన్నప్పటినుంచీ ఎమ్లిన్‌ను ఎరుగును. అబద్ధమాడితే అతని మెడ ఎర్రబడుతుంది. ఇప్పుడు ఎర్రబడలేదు. అంటే ఈ మనిషి అబద్ధం చెప్పట్లేదా? అయితే నిజంగానే తనకేదో అయిందా? తొట్టి అంచు పట్టుకుంది.

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, మిషన్ మీద పడ్డ నీటిచుక్కలు గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పుడే పొయ్యిమీద కెటిల్ ఈల వెయ్యడం మొదలుపెట్టింది. పాతకాలం కెటిల్, అది ఈల వేస్తే మేడమీద పడుకున్నవాళ్లు కూడా లేచి రావలసిందే. గ్లెనిస్ దాన్ని దించడానికి చెయ్యి చాచింది.

"టీ ఇంకా కాలేదా వదినా?" అన్నాడు ఎమ్లిన్, వెనక్కి తిరక్కుండానే.

చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈల గదినిండా పరుచుకుంటోంది. ఆవిరి కిటికీ అద్దానికి పట్టి కారుతోంది. అతను తుడుస్తూనే ఉన్నాడు. ఆమె మామూలు గొంతుతో, పెంచకుండా తగ్గించకుండా, అతని వీపు చూస్తూ అంది:

"ఎమ్లిన్, నీ వెనక ఇల్లు తగలబడిపోతోంది."

ఎమ్లిన్ గుడ్డ పిండి, మడతపెట్టి మిషన్ పక్కన ఆరేశాడు.

గ్లెనిస్ పొయ్యి ఆర్పింది. నెమ్మదిగా నడిచి వెళ్లి అతనికి ఎదురుగా, బాయిలర్‌కూ అతనికీ మధ్య నిలబడింది.

"నీకు వినపడదు," అంది.

"ఏంటి?"

"నీకు చెవులు వినపడవు ఎమ్లిన్."

ఇప్పుడు మెడ ఎర్రబడింది. "జలుబు చేసింది. చెవుల్లో దిమ్ముగా ఉంది. ఈ వానలకి ఎవరికి బాగుంటుందిలే."

"గాయకబృందం మానేసింది జలుబుకేనా?"

 చిన్నప్పటినుంచీ ఎమ్లిన్ చర్చి మగవాళ్ల బృందంలో ముందువరసలో నిలబడి పాడేవాడు. హేడెన్ అంత్యక్రియల్లో నోరు తెరవలేకపోయాడు. ఆ తర్వాత సాధనకు వెళ్లడమే మానేశాడు. అన్నమీది బెంగ అని ఊరంతా అతన్ని మరింత ప్రేమించింది. గ్లెనిస్ కూడా.

"పక్కవాడు ఏ స్వరంలో ఉన్నాడో తెలియట్లేదు," అన్నాడు చివరికి, చాలా నిదానంగా. "నేను తప్పు పాడుతుంటే ఎవరూ ఏమీ అనలేదు వదినా. అన్న పోయాడని ఊరుకున్నారు. వాళ్లు ఊరుకోవడం కనపడింది నాకు."

"మైర్‌కి తెలుసా?"

"టీవీ సౌండు పెంచుతానని తిడుతుంది. అంతవరకే."

"చెవికి పెట్టుకునే మిషన్లు బోలెడున్నాయి కదయ్యా. సగం ఊరు పెట్టుకు తిరుగుతోంది."

"పెట్టుకుంటే తెలిసిపోదూ? గ్యాస్ మనిషికి ముక్కూ చెవీ రెండూ ఉండాలి. చెవి లేనివాణ్ని ఇంట్లోకి ఎవరు రానిస్తారు?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కోపం రావలసింది. చలికాలమంతా ఆమెను పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టిన మనిషి ఎదురుగా ఉన్నాడు. కానీ అతని ముఖం చూస్తే కోపం నోటిదాకా రాలేదు. ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి మళ్లీ కుళాయి తిప్పి వచ్చింది. కూత లేచింది. అతని కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని, ఆ పెద్ద అరచేతిని తెరిచి, బాయిలర్ డొక్క మీద ఆనించింది.

ఎమ్లిన్ కనుబొమలు ముడిపడ్డాయి. రెండో చెయ్యి కూడా పెట్టాడు. చిన్నపిల్లవాడికి జ్వరం చూసేవాడిలా అలా కాసేపు ఉండిపోయాడు. అతని మోచేతులు సన్నగా అదరడం ఆమెకు కనిపించింది.

"ఇంతగానా," అన్నాడు. "ఇంతగా ఉందా వదినా. ఇన్నాళ్లూ."

"ఇన్నాళ్లూ."

ఆమె వెళ్లి కుళాయి కట్టి వచ్చింది. అతను చేతులు తియ్యలేదు.

"అన్న ఉన్నప్పుడు బెంగ లేకపోయింది. బిగించడం నాది. వెలిగించాక వినడం ఆయనది. విని వేలు ఎత్తితే సరే అని. దించితే విప్పమని."

గ్లెనిస్‌కు మొదట ఆ మాట మామూలుగానే చెవిన పడింది. తర్వాత అర్థమైంది.

"అంటే హేడెన్‌కి తెలుసన్నమాట."

అతను ఆమె పెదాలు చూస్తూ తలూపాడు. "మొదట పసిగట్టింది ఆయనే. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు."

"నాకు చెప్పలేదు."

"నేనే వద్దన్నా."

ఒకే మంచంమీద అన్నేళ్లు పడుకున్న మనిషి. పొద్దుపోయాక పక్కమీద చేరి ఊళ్లో ఎవరి పైపు కారిందో, ఎవరి కుక్క కరిచిందో అన్నీ చెప్పేవాడు. ఇది చెప్పలేదు. పోయిన మనిషిమీద అలగడానికి లేదు, అలిగినా తీర్చేవాడు లేడు. ఆ మాట అక్కడితో మింగేద్దామనుకుంది. కానీ ఇంకో మాట, ఎన్నాళ్లనుంచో లోపల అణిగి ఉన్నది, తనంతట తనే పైకి లేచింది.

హేడెన్ పోయింది ఊరి పక్కనే ట్రెకైనన్‌లో, మిసెస్ ప్రిచర్డ్ అనే పెద్దావిడ ఇంట్లో. కాళ్లు రాని మనిషి, కుర్చీలోంచి లేవలేదు. అంత్యక్రియలయ్యాక టీ దగ్గర గ్లెనిస్ చెయ్యి పట్టుకుని, "పోయేముందు కూడా తమ్ముడి పేరే తలుచుకున్నాడమ్మా. 'ఎమ్, ఎమ్' అన్నాడు. ఏదో పనిమీద పిలుస్తున్నాడనుకున్నా" అంది. అన్నదమ్ముల ప్రేమ అలాంటిదని గ్లెనిస్ కళ్లు తుడుచుకుంది. ఇంకేం అడగలేదు. ఎమ్లిన్ అప్పుడు వ్యాను దగ్గరికి పైపుముక్క తేవడానికి వెళ్లానని చెప్పాడు. "ఒక్క క్షణంలో పోయాడు వదినా, బాధన్నదే తెలీదు" అన్నాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ బతికింది. నిద్రపట్టనప్పుడు జపంలా అదే అనుకునేది. కానీ బయట వ్యాను దగ్గరున్నవాణ్ని అటకమీదినుంచి ఎవరు పిలుస్తారు?

"ఎమ్లిన్," అంది. అతను చూస్తున్నాడో లేదో సరిచూసుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది. "ఆ రోజు నువ్వు వ్యాను దగ్గర లేవు."

అతని చేతులు బాయిలర్ మీదినుంచి జారిపోయాయి.

"కిందే ఉన్నావు. ఆ ఇంట్లోనే."

 అతను గోడకు ఆనుకుని అలాగే జారి, మిషన్ పక్కన నేలమీద కూలబడ్డాడు. అంత పొడుగు మనిషి కుదించుకుపోయి ఆ కాస్త చోట్లో పట్టాడు.

"వంటింట్లో. అటకకు సరిగ్గా కిందే."

"ఎంతసేపు పిలిచాడు?"

ఎమ్లిన్ తలెత్తి ఆమెను చూశాడు. "నాకెలా తెలుస్తుంది వదినా? వింటే కదా."

వాన జోరు పెరిగింది. గ్లెనిస్ అలాగే నిలబడి ఉంది. అడగకూడదని తెలుసు. అడిగితే మళ్లీ వెనక్కి వెళ్లలేదనీ తెలుసు. అయినా అడిగింది.

"నువ్వు పైకి వెళ్లేసరికి?"

"ముఖం నిచ్చెన వైపే ఉంది. నా కోసం చూస్తున్నట్టు. చేతిలో స్పానర్. పక్కన చెక్కమీద కొత్త సొట్టలు." అతను తన చేతులు చూసుకున్నాడు. "నాకు వినపడదని ఆయనకి తెలుసు కదా. అరిచి లాభం లేదని కొట్టాడు. మాకు అది అలవాటే. ఆయన పైన కొడితే నా కాళ్ల కింద అదిరేది, నేను వెళ్లేవాణ్ని. ఎప్పుడూ వెళ్లేవాణ్ని వదినా. ఆ రోజు పైపు కోస్తున్నా. మిషన్ రంపం. చేతులూ కాళ్లూ ఒళ్లంతా అదురుతూనే ఉంది. అందులో ఆయనది ఏదో తెలియలేదు."

గ్లెనిస్ వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

పాత బొగ్గుకొట్టు గోడ తడిసి నల్లగా ఉంది. బట్టల తాడుకు వానచుక్కలు వరసగా వేలాడుతున్నాయి. కొండ కనపడట్లేదు, మంచు మింగేసింది. కింద ఆటస్థలంలో ఎవరో గోలు కొట్టినట్టున్నారు, ఒక్కపెట్టున కేక లేచింది. ఆమెకు అన్నీ వినపడుతున్నాయి. తూములో నీరు, రెండిళ్లవతల రేడియో, ఎక్కడో గేటు కిర్రుమనడం. చెవులు మూసుకుంది. మూసుకుంటే చెక్కమీద స్పానర్ దెబ్బలు వినపడ్డాయి. తీసేసింది.

ఒక్క క్షణంలో పోలేదు. ఎంతసేపో ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే, ఆయనే పోయాడు.

ఈ మనిషిని ఇంట్లోంచి పొమ్మనాలనుకుంది. మళ్లీ గుమ్మం తొక్కొద్దనాలనుకుంది. మైర్‌కి, షాన్‌కి, చర్చిలో అందరికీ చెప్పాలనుకుంది. అనుకుంటూనే, నేలమీద మిషన్ పక్కన ముడుచుకుని కూర్చున్నవాడు కనిపించాడు. తను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మెట్లమీద కూర్చుని, "వదినా, నీకు పాటలొచ్చా" అని అడిగిన కుర్రాడే. హేడెన్‌ను తను పోగొట్టుకున్నట్టే వాడూ పోగొట్టుకున్నాడు. తనకైనా ఒక అబద్ధం ఆసరాగా ఉండేది. ఆ అబద్ధాన్ని తనకిచ్చి, నిజాన్ని వాడొక్కడే మోశాడు. క్షమించడానికి అది చాలదు. వెళ్లగొట్టడానికి కూడా చేతులు రావట్లేదు. కోటు తడిసి బరువెక్కింది. ఎంతసేపని నిలబడుతుంది, అది తన ఇల్లే కదా. లోపలికి నడిచింది.

వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎమ్లిన్ నేలమీద లేడు. మెట్లకింద మీటరు దగ్గర గ్యాసు వాల్వు కట్టేసి, బాయిలర్ మూత ఊడదీసి, టార్చి నోట్లో పెట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నాడు. ఆమె నీడ పడగానే తిరిగాడు. టార్చి నోట్లోంచి తీశాడు. ముఖంలో రక్తం లేదు.

"పొద్దుటిపూట తలనొప్పి అన్నావని మైర్ ఎప్పుడో చెప్పింది."

"అవును."

"బయటికెళ్తే తగ్గేదా?"

గ్లెనిస్ ఆలోచించింది. "బజారుకి వెళ్లొస్తే హాయిగా ఉండేది. మనుషుల్ని చూసినందుకనుకున్నా."

అతను పక్కకి జరిగి, వేలితో చూపించాడు. బాయిలర్ నెత్తిమీదినుంచి గోడలోకి పోయే పొగగొట్టం, కింద అతుకు దగ్గర ఒక పక్కకి లేచి ఉంది. లోపల రబ్బరు చుట్టు మెలిపడి బయటికి వచ్చింది. దాని చుట్టూ తెల్లటి రేకుమీద గోధుమరంగు మరక.

"పెట్టిన రోజు ఇది గట్టిగానే ఉంది. నేనే బిగించా, యంత్రం పెట్టి పరీక్ష కూడా చేశా. మంట సరిగ్గా కుదరక కూత పెడుతోంది. ఆ కూతకి అదిరి అదిరి అతుకు ఊడింది. గోడ బయటికి పోవలసిన పొగ ఇంట్లోకి వస్తోంది. విషం అది, వాసనుండదు దానికి. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోతుంది. మొదటి రోజే ఆ కూత విని ఉంటే అక్కడికక్కడే సరిచేసేవాణ్ని. నువ్వు చెబుతూనే ఉన్నావు." పెరటి తలుపుకేసి చూశాడు. "ఈ వంకర తలుపు సందుల్లోంచి బయటి గాలి ఆడబట్టి బతికావు వదినా. అన్న ఎన్నిసార్లు బాగుచేద్దామన్నాడు ఆ తలుపుని."

తనకు మతి పోలేదు. బెంగ కాదు, భ్రమ కాదు. చలికాలమంతా ఎదురుచూసిన మాట ఇది. వచ్చిందంటే గంతులెయ్యాలి. గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెకు ఏమీ అనిపించలేదు.

 కిటికీలోంచి వాన జల్లు బల్లమీద పడుతుంటే ఎవరూ మూయలేదు. కెటిల్‌లో కాగిన నీళ్లు చల్లారిపోతున్నాయి. ఆమె లేచి వాటినే కప్పులో పోసి, టీ పొట్లం వేసి, అతని ముందు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఎమ్లిన్ కప్పు ముట్టుకోలేదు.

"హేడెన్ పోయాక ఇలాంటివి ఇంకా పెట్టావా?" అని అడిగింది.

"పాతవి బాగుచేశా చాలా. కొత్తవి తక్కువే. ఒక్కణ్నే కదా." అతను నుదురు రుద్దుకున్నాడు. "ఈ రకంవి రెండే తెప్పించా. ఒకే వారం పెట్టా. ఒకటి నీకు."

"రెండోది?"

అతను జవాబు చెప్పబోయి ఆగాడు. చెప్పబోతున్న మాట అతనికే అప్పుడే అర్థమైనట్టు కళ్లు పెద్దవయ్యాయి.

"కేరిస్‌కి," అన్నాడు.

కేరిస్ ఎమ్లిన్ కూతురు. ఒక్కతే సంతానం. కొండకవతల మెర్తిర్‌లో కొత్త ఫ్లాటు తీసుకుంది. క్రిస్మస్ వెళ్లాక ఆడపిల్ల పుట్టింది. మొగుడు సముద్రంలో నూనెబావుల మీద పని, నెలలో సగం ఇంట ఉండడు.

"ఎక్కడుంది అది, బాయిలర్?"

"పడగ్గదిలో, బట్టల అలమరలో. కొత్త కట్టడం వదినా. కిటికీలు చీమ దూరనంత బిగుతు. నేనే మెచ్చుకున్నా."

"మోత గురించి ఎప్పుడూ అనలేదా అది?"

"అంది. ఒకసారి." అతను కళ్లు మూసుకున్నాడు. "నీకు చెప్పిందే దానికీ చెప్పా. సర్దుకుంటుందని."

"అలారం పెట్టలేదా? పొగొస్తే మోగేది?"

"పెట్టాను. పెట్టి బొత్తం నొక్కి చూశాను. పచ్చదీపం వెలిగింది." చేత్తో చెవి ముట్టుకున్నాడు. "మోగిందో లేదో నాకు తెలీదు."

గ్లెనిస్‌కు మొన్న మైర్ చర్చి మెట్లమీద మురిసిపోతూ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపన్నదే తెలీదు, పొద్దస్తమానం నిద్రే, పాలకి కూడా మేమే లేపాలి, కేరిస్ కూడా తలభారంగా ఉందని దాంతోపాటే పడుకుంటోంది, పోనీలే పచ్చి బాలింత అని.

ఆమె ఆ మాటలు అతనికి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఎమ్లిన్ అప్పటికే జేబులో తడుముకుంటున్నాడు. ఫోను జారి నేలమీద పడింది. తీసి, కూతురి పేరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోబోయి, ఆగి, దాన్ని ఆమె చేతిలో పెట్టేశాడు.

"నువ్వే చూడు వదినా. ఎత్తిందో లేదో నాకు తెలీదు."

గ్లెనిస్ ఫోను చెవికి ఆనించుకుంది. అవతల మోగుతోంది. మోగుతోంది. అది ఆగిపోతే మళ్లీ నొక్కింది. మళ్లీ మోగుతోంది. వ్యాను తాళాలు గుప్పిట్లో బిగించి, గుమ్మంలో ఒక కాలు బయటా ఒక కాలు లోపలా పెట్టి, వానకు తడుస్తూ, ఎమ్లిన్ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.